చాజ్ గ్రీన్‌ని తీసేశారు. మరి టైరన్ నడుము పట్టేస్తే ఎవరు?

ఇర్వింగ్_బావ | 1 సెప్టెంబర్ 2018
పొద్దున్నుంచీ ఫోన్ పక్కన పెట్టలేదు. ఎన్.ఎఫ్.ఎల్. (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) టీములన్నీ సీజన్ ముందు 90 మంది ఆటగాళ్ళని 53కి తగ్గించడానికి మన డాలస్ టైము మధ్యాహ్నం మూడింటిదాకా గడువు. మన డాలస్ కౌబాయ్స్ తీసేసినవాళ్ళ లిస్టులో చాజ్ గ్రీన్ పేరు కనబడింది. 2015 డ్రాఫ్ట్‌లో (టీములు కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకోవడం) మూడో రౌండ్, 91వ పిక్. మూడేళ్ళకే సంచి సర్దించారు.

నాకు అతనితో చుట్టరికమేం లేదు. కానీ లెక్క చూడండి. మన లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్ 2016లో మూడు ఆటలు ఆడలేదు, 2017లో మూడు ఆడలేదు. ఒకసారి నడుము, ఒకసారి తొడ. సెంటర్ ఫ్రెడరిక్‌కి గియాన్ బారే సిండ్రోమ్ (నరాల జబ్బు) అని తెలిసి పది రోజులైంది, అతని బదులు లూనీ. లెఫ్ట్ గార్డ్‌లో కాలేజీ నుంచి మొన్న వచ్చిన కానర్ విలియమ్స్. ఇంత బీటలు వారిన గోడ పెట్టుకుని, మూడేళ్ళుగా ఇంట్లో ఉన్న బ్యాకప్ టాకిల్‌ని బయటికి పంపుతారా? వచ్చే ఆదివారమే కారొలైనాలో మొదటి ఆట. పోయిన నవంబర్‌లో అట్లాంటాలో ఒక్క రోజు చెడితే ఇంతేనా?

పులిహోర_ప్యాకెట్
ఒక్క రోజే. కాకపోతే ఆ ఒక్క రోజులో ఆరు సాక్‌లు (బంతి విసరకముందే విసిరేవాణ్ణి పడగొట్టడం) బావా. అవతలివాడు ఒక్కడే కొట్టాడు. ఆరు.

కరీంనగర్_కౌబాయ్
గిప్పటిదాక ఉంచుడే ఎక్కువ. నేనైతే నవంబర్‌లనే పంపుతుంటి.

కొత్తగా_వచ్చా
నేను ఫ్రిస్కో వచ్చి నాలుగు నెలలే. ఆఫీసులో అందరూ ఇదే గోల. ఒక డౌటు, నవ్వొద్దు. లైన్‌మన్ అంటే మా ఊళ్ళో కరెంటు స్తంభం ఎక్కేవాడు. ఇక్కడ ఏం చేస్తాడు?

పులిహోర_ప్యాకెట్
ఇక్కడా అంతే తమ్ముడూ. కరెంటు పోయినప్పుడే గుర్తొస్తాడు.

రెండో_వరస_అమ్మ
@కొత్తగా_వచ్చా, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్, అంటే మన డాక్, ముందు గోడలా అయిదుగురు నిలబడతారు చూడు, వాళ్ళు. నడుమ సెంటర్, అటూ ఇటూ ఇద్దరు గార్డులు, చివర్లో ఇద్దరు టాకిల్స్. బంతి పట్టుకుని పరిగెత్తరు, స్కోరు చెయ్యరు. అవతలివాడు వచ్చి డాక్ మీద పడకుండా ఆపాలి, అంతే పని. డాక్ కుడిచేతి వాటం. బంతి విసరడానికి తిరిగితే అతని వీపు ఎడమవైపుకి ఉంటుంది. అటునుంచి వచ్చేవాడు అతనికి కనపడడు. అందుకే ఎడమ చివర నిలబడేవాడికి, అంటే లెఫ్ట్ టాకిల్‌కి, అంత విలువ. మనకి అక్కడ ఉన్నది టైరన్. గ్రీన్ అతనికి బదులు.

కొత్తగా_వచ్చా
అర్థమైంది అక్కా. అంటే గ్రీన్ హెల్పర్ అన్నమాట. స్తంభం కింద నిచ్చెన పట్టుకునేవాడు.

ఇర్వింగ్_బావ
నిచ్చెన పట్టుకునేవాణ్ణి పైకి ఎక్కించి, కింద ఎవరూ లేకుండా చేస్తే పడడా మరి? నా బాధ అదే.

ఆల్ఫరెట్టా_ఆవకాయ
నేను చూశాను ఆ ఆట. టీవీలో కాదు, స్టేడియంలో. నవంబర్ 12, 2017. కొత్త స్టేడియం కట్టిన ఏడాదే కదా, మా ఆవిడ ఆఫీసులో ఎవరో టికెట్లు ఇచ్చారు, పై అంతస్తు, ఓ మూల. అట్లాంటా ఫాల్కన్స్ జనం మధ్యలో కౌబాయ్స్ చొక్కా వేసుకుని కూచున్న మూర్ఖుణ్ణి నేనే.

టీవీలో అయితే మన కళ్ళు బంతి వెనకే పోతాయి. పైనుంచి చూస్తే కాళ్ళు కనబడతాయి. గ్రీన్ మొదటి అడుగు వెనక్కి వేసేసరికే ఫాల్కన్స్ డిఫెన్స్‌వాడు ఏడ్రియన్ క్లేబోర్న్ అతని భుజం దగ్గరికి వచ్చేసేవాడు. అప్పుడు గ్రీన్ ఏం చేసేవాడంటే, నడుము పూర్తిగా బయటి గీత వైపు తిప్పేసి పక్కన పరిగెత్తేవాడు. అలా తిరిగాడంటే ఇక అయిపోయినట్టే. ఒంట్లో బలమంతా ఒకవైపు, చేతులు ఇంకోవైపు. వాడు ఆ చెయ్యి కిందనుంచి దూరి డాక్ మీదికి. మళ్ళీ అదే. మళ్ళీ అదే. కొత్త ఎత్తు ఒక్కటి లేదు. నాలుగోసారికి మా ముందు వరసలో పదేళ్ళ పిల్లాడు బంతి కదలకముందే లేచి నిలబడ్డాడు, ఏం జరగబోతోందో వాడికీ తెలిసిపోయి.

తర్వాత గ్రీన్‌ని కూచోబెట్టి బైరన్ బెల్‌ని దింపారు. అప్పుడూ ఆగలేదు. మొత్తం ఎనిమిది సాక్‌లు, 27-7తో ఓడాం. పార్కింగ్‌దాకా చొక్కా మీద జాకెట్టు వేసుకునే నడిచా.

ఫిల్మ్_చూసే_మూర్తి
@ఆల్ఫరెట్టా_ఆవకాయ, మీరు ముఖ్యమైన మాట ఒకటి చెప్పి దాటేశారు. బెల్ వచ్చాకా ఆగలేదు అన్నారు కదా. మరి లోపం గ్రీన్ ఒక్కడిదేనా?

నేను ఆ ఆట మళ్ళీ రెండుసార్లు పెట్టుకుని చూశా. రెండు సాక్‌ల తర్వాత ఏ కోచ్ అయినా చేసే పని ఒకటుంది. టైట్ ఎండ్‌ని (లైన్ చివర అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాడు) అతని పక్కన నిలబెట్టడం. లేదా రన్నింగ్ బ్యాక్ పరుగు మొదలెట్టేముందు క్లేబోర్న్‌ని భుజంతో ఒక తోపు తోసి పోవడం. విటెన్ లాంటి మొనగాడు టైట్ ఎండ్ టీములోనే ఉన్నాడప్పుడు. ఎన్నో స్నాప్‌లలో (బంతి కదిలి ఆట మొదలయ్యే ఒక్కో సారి) గ్రీన్ ఒంటరిగానే ఉన్నాడు. మన రన్నింగ్ బ్యాక్ జీక్ సస్పెన్షన్ కూడా ఆ వారమే మొదలు, కాబట్టి పరుగు భయం లేక అవతలివాళ్ళు నేరుగా డాక్ మీదికి వదిలారు. హెడ్ కోచ్ గ్యారెట్, అఫెన్స్ కోచ్ లైనహన్ పక్కనే నిలబడి చూశారు. జనవరిలో ఉద్యోగం పోయింది ఎవరికి? లైన్ కోచ్ ఫ్రాంక్ పొలాక్‌కి. ఇప్పుడు గ్రీన్‌కి. పైవాళ్ళు కుర్చీల్లోనే ఉన్నారు.

కరీంనగర్_కౌబాయ్
అన్నా, సాయం ఇయ్యలె, ఒప్పుకుంటున్న. గని ఎన్.ఎఫ్.ఎల్.ల లెఫ్ట్ టాకిల్ అంటేనే ఒంటరిగ నిలబడేటోడు. ప్రతిసారి పక్కన మనిషిని పెట్టాలంటే పాస్ పట్టనీకి పోయేటోళ్ళు నలుగురే మిగుల్తరు. ఒక ఆటకు ఓకే. సీజన్ మొత్తానికా?

ఇంకొకటి. క్లేబోర్న్ ఆ ఏడాది మొత్తం మీద కొట్టినవి తొమ్మిదిన్నర సాక్‌లు. అండ్ల ఆరు మన మీదనే. మిగిలిన టీముల మీద ఏడాదంత కలిపి మూడున్నర. అంటే ఆయన ఏం పెద్ద రాక్షసుడు గాదు. మనోడే దారి ఇచ్చిండు.

ఇర్వింగ్_బావ
మరి 2016లో? టైరన్ నడుము పట్టేసినప్పుడు బేర్స్ మీద, ఫార్టీ నైనర్స్ మీద వరసగా రెండు ఆటలు లెఫ్ట్ టాకిల్‌గా నిలబడింది గ్రీనే. రెండూ గెలిచాం. డాక్ అప్పుడు రూకీ, మొదటి ఏడాది కుర్రాడు. ఆ రెండు ఆటలు ఎవరికీ గుర్తుండవు, ఎందుకంటే ఏమీ జరగలేదు. లైన్‌మన్‌కి మంచి రోజంటే ఏమీ జరగని రోజు.

కరీంనగర్_కౌబాయ్
గుర్తుంది. ఆ ఎన్కనే పాదం దెబ్బ తిన్నది గుడ గుర్తుంది. ఆ ఎన్క నడుము సర్జరీ. అంతకు ముందు 2015 మొత్తం హిప్ సర్జరీ, ఒక్క స్నాప్ ఆడలె. టైరన్‌కు దెబ్బ తగుల్తదని బ్యాకప్‌ను పెట్టుకుంటే, ఆ బ్యాకప్‌కు ఇంకో బ్యాకప్ గావాల్నా?

పులిహోర_ప్యాకెట్
స్పేర్ టైరుకి పంక్చర్.

ఫిల్లీ_గోదారోడు
ఆయ్, బాగున్నారాండీ అందరూ. అడగొచ్చో లేదో గానీ, గత ఏడాది అక్టోబర్‌లో మా ఫిలడెల్ఫియా ఈగిల్స్ జేసన్ పీటర్స్ మోకాలు పోయిందండి. లెఫ్ట్ టాకిలే. హాల్ ఆఫ్ ఫేమ్‌కి పోయే మనిషి. బదులు వైతాయ్ అని కుర్రోడు వచ్చాడండి, అయిదో రౌండ్. మొదట్లో వాడూ తడబడ్డాడు. పక్కన మనిషిని పెట్టారు, ఆటలు మార్చారు, నెట్టుకొచ్చారు. ఫిబ్రవరి 4న సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) మేం ఏ స్కోరుతో గెలిచామో గుర్తుందాండి? 41-33. క్వార్టర్‌బ్యాక్ కూడా బ్యాకప్పేనండోయ్.

పులిహోర_ప్యాకెట్
వచ్చాడండీ. ఎవరు పిలిచారు ఇతన్ని?

ఆల్ఫరెట్టా_ఆవకాయ
ఫిబ్రవరి నుంచి ఏ థ్రెడ్‌లోకి వెళ్ళినా ఈయన 41-33 అని రాసి పోతున్నాడు. కందిపప్పు రేటు గురించి మాట్లాడుకుంటుంటే కూడా రాశాడు.

ఫిల్మ్_చూసే_మూర్తి
ఏడిపించినా పాయింటు సరైనదే చెప్పాడు. వాళ్ళ కోచ్‌లు బ్యాకప్‌కి తగ్గట్టు ఆట మార్చారు. మనవాళ్ళు బ్యాకప్‌ని టైరన్ అనుకుని అదే ఆట ఆడారు.

కరీంనగర్_కౌబాయ్
సరే, అసలు ముచ్చటకు రాండ్రి. టైరన్‌కు ఏమన్నయితే ఎవరు అని గదా బావ అడిగింది? క్యామరన్ ఫ్లెమింగ్. మార్చిల పేట్రియట్స్ కాడికెల్లి తెచ్చుకున్నం. మొన్నటి సూపర్ బౌల్‌ల రైట్ టాకిల్ ఆయనే స్టార్ట్ చేసిండు. గట్లాంటోడు ఉండంగ గ్రీన్ ఎందుకు? ఆట రోజు 53ల కెల్లి 46 మందే డ్రెస్ ఏసుకునేది. లైన్‌మన్లు ఏడుగురికి మించి ఉండరు మామూలుగ. అంటే అయిదుగురు ఆడ, ఇద్దరు బెంచి మీద. ఒకరు లోపలి మూడు జాగలు చూస్కోవాలె, ఒకరు రెండు చివర్లు. ఆ రెండు చివర్ల మనిషి ఫ్లెమింగ్. గ్రీన్‌కు జాగ ఏడున్నది?

ఇర్వింగ్_బావ
ఫ్లెమింగ్ ఎక్కువ ఆడింది కుడివైపు. ఎడమకి తెస్తే?

పులిహోర_ప్యాకెట్
ఫ్లెమింగ్ స్టాన్‌ఫర్డ్‌లో ఏరోనాటిక్స్ చదివాడని తెలుసా? ఎడమా కుడీ వాడే లెక్క కట్టుకుంటాడు. మా పిన్నికి ఈ సంగతి చెప్తే ‘ఎత్తు ఎంత, పెళ్ళయిందా’ అని అడిగింది.

రెండో_వరస_అమ్మ
ఎడమ కుడి అని తేలిగ్గా అనేస్తున్నారు కానీ అది అంత తేలిక కాదు. మా వాడు టెన్త్ గ్రేడ్. స్కూలు టీములో రెండో వరస గార్డ్. అంటే ముందున్న పిల్లాడికి ఏదన్నా అయితేనే వీడు. వేసవి అంతా కుడివైపు నేర్పారు, పోయిన వారం ఎడమవైపు నిలబడమన్నారు. హాల్లో సోఫా దిండు నా చేతికిచ్చి తొయ్యమంటాడు. కుడివైపు ఆడితే కుడికాలు వెనక, ఎడమవైపు ఆడితే ఎడమకాలు వెనక. నేలకి ఆనించే చెయ్యీ మారుతుంది. బుర్రకి తెలుసు, కాళ్ళకి తెలీదు. పదిసార్లలో నాలుగుసార్లు తన కాలు తనే తొక్కుకుంటాడు. అన్నం ఎడంచేత్తో తినమన్నట్టు ఉంటుందమ్మా అన్నాడు.

గ్రీన్‌ని పోయిన ఏడాది ఏం చేశారు? ఆగస్టులో లెఫ్ట్ గార్డ్ అన్నారు. మొదటి ఆట జెయింట్స్ మీద గార్డ్‌గా మొదలెట్టించారు. తర్వాత జోనథన్ కూపర్‌ని పెట్టి ఇతన్ని పక్కన కూచోబెట్టారు. నవంబర్‌లో టైరన్ లేడనగానే టాకిల్‌గా నిలబడమన్నారు. గార్డ్‌కి అటూ ఇటూ మనుషులుంటారు. టాకిల్‌కి బయటివైపు ఎవరూ ఉండరు, ఖాళీ పచ్చిక. నేను అతన్ని వెనకేసుకు రావట్లేదు. అతను ఆ రోజు ఎంత భయపడి ఉంటాడో నాకు కనబడుతోంది, అంతే.

బెంచ్_మీద_బాబు
అమ్మగారి పోస్ట్ చదివాక నా కథ చెప్పబుద్ధేసింది. రెండేళ్ళ కింద ప్రాజెక్ట్ అయిపోయి ఆర్నెల్లు బెంచ్ మీద ఉన్నా. ఇక్కడ సగం మంది చూసే ఉంటారు ఆ బతుకు. ఓ శుక్రవారం రాత్రి ప్రొడక్షన్ పడిపోయింది, సిస్టమ్ అంతా తెలిసిన సీనియర్ కాన్‌కున్ బీచ్‌లో ఉన్నాడు. నన్ను కాల్‌లో కలిపారు. ఆ కోడ్ నేను చూసింది నెలకి ఓ గంట. తెల్లారి నాలుగింటిదాకా ముప్పై మంది లైన్లో వింటుండగా తడుముకున్నా. సోమవారం మీటింగ్‌లో కారణం ఏంటని స్లైడ్ పెడితే అందులో నా పేరు. సీనియర్‌కి స్వాగతం పలికి కేక్ కోశారు.

మూడు వారాలకి నన్ను తీసేశారు. గ్రీన్‌కి తొమ్మిది నెలలిచ్చారు, అదృష్టవంతుడే.

కరీంనగర్_కౌబాయ్
బాబు అన్నా, నీ బాధ సమజైంది. గని పోలిక కుదర్లె. నిన్ను పనిల పెట్టకుంట పెట్టకుంట ఒక్కసారి దింపిండ్రు. గ్రీన్ రోజూ ప్రాక్టీసుల ఉన్నడు, ఎదురుంగ డిమార్కస్ లారెన్స్. ఆ సీజన్ల లారెన్స్ పద్నాలుగున్నర సాక్‌లు కొట్టిండు. అసొంటోని ఎదురుంగ రోజు నిలబడి, క్లేబోర్న్‌ను ఆపరాకపాయె.

రెండో_వరస_అమ్మ
అసలు సీజన్‌లో ప్రాక్టీసు స్నాప్‌లు ఎక్కువ మొదటి వరస వాళ్ళకే పోతాయి. రెండో వరస పిల్లలు అవతలి టీములా నటిస్తారు, అదే వాళ్ళ ప్రాక్టీసు. ఆగస్టు ఎండలో మా వాడు రెండు గంటలు ఎవరో వేరే స్కూలు గార్డ్ వేషం వేసి కారెక్కుతాడు. ఆ హెల్మెట్ కంపు ఇంటిదాకా.

కిక్కు_నాది
మీరంతా గ్రీన్ దగ్గరే ఆగిపోయారు. మన కిక్కర్ డాన్ బెయిలీని కట్ చేశారు తెలుసా? ఇవాళే. చరిత్రలోనే గురి తప్పని కిక్కర్లలో రెండో స్థానం. బదులు ఎవరో బ్రెట్ మార్ అట, కెనడాలో ఆడొచ్చాడు. ఎన్.ఎఫ్.ఎల్.లో ఒక్క ఆట ఆడలేదు.

ఆల్ఫరెట్టా_ఆవకాయ
ఏంటీ?? బెయిలీనా?

పులిహోర_ప్యాకెట్
పోయిన ఏడాది 20 ఫీల్డ్ గోల్స్‌లో (బంతిని స్తంభాల మధ్యకి తన్నడం) 15 కొట్టాడు. తొడ దెబ్బ. అయినా సరే, ఇది మాత్రం దారుణం. గ్రీన్ పోతే పోయాడు.

ఇర్వింగ్_బావ
చూశారా, ఇది లైన్‌మన్ థ్రెడ్. ఇక్కడ కూడా కిక్కర్ కోసమే ఏడుస్తున్నారు. బెయిలీకి వేరే థ్రెడ్ పెట్టుకోండయ్యా.

విశాఖ_తీరం
నేను ఇండియాలో ఉంటా, మీ ఫుట్‌బాల్ సగమే అర్థమవుతుంది. కానీ ఒక్క పరీక్షతో మనిషిని తీసెయ్యడం మాకూ తెలుసు. జూన్‌లో క్రికెట్‌లో మన రాయుడు యోయో టెస్ట్ (పరుగు పరీక్ష) పాసవలేదని ఇంగ్లాండ్ విమానం ఎక్కనివ్వలేదు. ఇవాళ ఆసియా కప్ టీములో పేరొచ్చింది. మీ గ్రీన్‌ని కూడా ఎవరో పిలుస్తారులెండి.

ఫిల్మ్_చూసే_మూర్తి
పిలవొచ్చు. నాలుగు సీజన్లు పూర్తి కాలేదు కాబట్టి మొదట వేవర్స్‌లోకి పోతాడు, ఏ టీమైనా రేపటిలోగా ఎత్తుకోవచ్చు. ఎవరూ తీసుకోకపోతే స్వేచ్ఛ. ఆరున్నర అడుగుల మనిషి, మూడు వందల పౌండ్లు, రెండు వైపులా నిలబడ్డవాడు. ఇలాంటివాళ్ళు ఊరికే దొరకరు. నా లెక్క ప్రకారం ఎక్కడో ఒకచోట తేలతాడు. మనకి మాత్రం పనికిరాడు, ఇది కరీంనగర్ తమ్ముడితో ఒప్పుకుంటా. ఆ ఆట తర్వాత డాక్ అతని మీద నమ్మకంతో బంతి పట్టుకుని నిలబడగలడా? ప్రతిసారీ ఎడమవైపు ఓ కన్ను వేస్తాడు. తీసెయ్యడం తప్పు కాదు. తప్పంతా అతని మీద వేసి తీసెయ్యడం తప్పు.

కరీంనగర్_కౌబాయ్
గిది ఒప్పుకుంట.

ఇర్వింగ్_బావ
నేను సగం ఒప్పుకుంటా. మిగతా సగం ఆదివారం చూసి చెప్తా.

ఇర్వింగ్_బావ | 9 సెప్టెంబర్ 2018
కారొలైనా చేతిలో 16-8తో ఓడాం. ఆరు సాక్‌లు. గ్రీన్ లేడు మరి, ఈసారి ఎవర్ని అందాం?

పులిహోర_ప్యాకెట్
టైరన్ ఉన్నాడు, గార్డ్ మార్టిన్ ఉన్నాడు, రైట్ టాకిల్ కాలిన్స్ ఉన్నాడు. అయినా ఆరు. ఆరు అంకె మనల్ని వదలదు.

కిక్కు_నాది
మార్ మొదటి ఫీల్డ్ గోల్ పోగొట్టాడు. నేనేం అనట్లేదు. ఊరికే చెప్తున్నా.

ఫిల్లీ_గోదారోడు
41-33 అండి.

ఇర్వింగ్_బావ | 2 డిసెంబర్ 2020
పాత థ్రెడ్ తవ్వుతున్నా, తిట్టకండి. నిన్న రాత్రి ఏదో వెతుకుతుంటే ఇది కనబడింది. నేనడిగిన ప్రశ్న చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

టైరన్ ఈ ఏడాది రెండే ఆటలు ఆడి మెడ సర్జరీకి పోయాడు. కాలిన్స్ హిప్ సర్జరీ, ఏడాదంతా లేడు. ఫ్రెడరిక్ మార్చిలో రిటైరయ్యాడు. ఫ్లెమింగ్ జెయింట్స్‌కి వెళ్ళిపోయాడు. గార్డ్ మార్టిన్‌ని తీసుకెళ్ళి చివర టాకిల్‌గా నిలబెట్టారు. డాక్ చీలమండ సంగతి చెప్పక్కర్లేదు. చాజ్ గ్రీన్ ఎక్కడున్నాడో చూశారా? కోల్ట్స్‌లో. ఇంకా బ్యాకప్పే. ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు.

కరీంనగర్_కౌబాయ్
2018ల టైరన్ మళ్ల మూడు ఆటలు ఆడకపాయె, ఫ్లెమింగే నెట్టుకొచ్చిండు. ఆ కట్ కరెక్టే, గిప్పుడు గుడ అదే మాట. గని ఫ్లెమింగ్‌ను పోనిచ్చుడు మాత్రం తప్పే.

ఫిల్మ్_చూసే_మూర్తి
ఈ ఏడాది నుంచి రూలు కూడా మారింది. ఎనిమిది మంది లైన్‌మన్లకి డ్రెస్ వేయిస్తే ఆట రోజు 48 మందిని పెట్టుకోవచ్చు. గ్రీన్ లాంటివాడికి కుర్చీ ఒకటి పెరిగింది, మన దగ్గర కూచోబెట్టడానికి మనిషి లేడు.

రెండో_వరస_అమ్మ
మా వాడు సీనియర్ ఇప్పుడు. ఈ ఏడాది నాలుగు ఆటలు మొదటి వరసలో ఆడాడు, అన్నీ ఎడమవైపే. స్టాండ్స్‌లో పక్కనున్నవాళ్ళు ‘టచ్‌డౌన్ చూశారా’ అంటారు. నేను చూడను. వాడి కాళ్ళే చూస్తా.

కొత్తగా_వచ్చా
నేనిప్పుడు అంత కొత్త కాదు గానీ పేరు మార్చుకోవడం రాలేదు. నివర్ తుఫానుకి మా నెల్లూరు వైపు ఊళ్ళో రెండు రోజులు కరెంటు లేదు. నాన్న లైన్‌మన్‌కి ఫోన్ల మీద ఫోన్లు. ఆయన కాలు బెణికి ఇంట్లో ఉన్నాడట, హెల్పర్‌ని పంపాడు. ఆ కుర్రాడు వానలో రెండు గంటలు పైనే ఉన్నాడని నాన్న చెప్పాడు. కింద నిచ్చెన నాన్నే పట్టుకున్నాడట.

పులిహోర_ప్యాకెట్
కరెంటు వచ్చిందా?

కొత్తగా_వచ్చా
వచ్చింది. పక్కింటికి రాలేదు, వాళ్ళు ఆ కుర్రాణ్ణే తిడుతున్నారు.